వేడినీళ్ళు

మిట్టమధ్యాహ్నం పుత్తూరు బస్టాండులో, టీకొట్టు దగ్గర తిరుపతి బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కనున్న ఆమె గ్లాసుడు వేడినీళ్ళు అడిగి తీసుకుని, ఆ ఎండలో ఊదుకుంటూ తాగుతోంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"బాగుండాను అక్కా. సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో నాకు పని నేర్పించిన చైనా మేడంకి ఇది అలవాటు. నాకూ అంటుకునింది. నేను ఆమెకి రాగిసంగటి నమలకుండా మింగేది నేర్పించినాను. సరిహద్దులో గొడవైనాక వాళ్ళ దేశానికి పోయింది. మళ్ళా వీసా ఇయ్యలేదంట. మేం మాట్లాడుకునే యాప్ కూడా ఆపేసినారు."

కొట్టులోని టీవీలో మన దేశం, చైనా లాంటి ఎదుగుతున్న దేశాల కూటమి నాయకులు నవ్వుతూ చేతులు కలుపుతున్నారు. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని ఆ కూటమికి, అమెరికా సుంకాల పుణ్యమా అని మళ్ళీ విలువ వచ్చిందని చెబుతున్నారు.

ఆమె గ్లాసు పట్టుకుని టీవీ వైపు తిరిగింది.

"మనోళ్ళూ వాళ్ళూ కలిసిపోయినట్టేనా అక్కా?"

"అట్లనే ఉండాది" అన్నాను.

"అయితే రాగులు పట్టించి పెట్టుకోవాల" అంది, తనలో తాను.

ఇంతలో నా బస్సు వచ్చింది. ఇప్పుడు ఆ కూటమి వార్త ఎప్పుడొచ్చినా, వీసాల సంగతి ఏమైనా చెబుతారేమోనని చివరిదాకా వింటాను.