వీర్రాజు గారి గట్టు

2022, సార్వా, అంటే ఖరీఫ్ వరి కోతల రోజులు. రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో నేను కోత మిషన్లకి ఏజెంటుని. బయటి నుంచి వచ్చే మిషను ఏ రోజు ఎవరి చేలో దిగాలో చూడటం నా పని. అందులో సగం మాటలు మోయడమే. లోపలి చేలోకి మిషను వెళ్ళాలంటే ముందు చేనువాళ్ళు దారివ్వాలి. ఆ దారి అడగాల్సింది నేనే.

సత్యవతి గారు రెండెకరాలు కౌలుకి చేస్తారు. చేను పండి వాలిపోతోంది, ఎల్లుండి వాన అంటున్నారు. ముందు చేను వీర్రాజు గారిది, ఆయన కోత అయిపోయింది. కానీ ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. కిందటేడు ఆవిడ చేలోకి వెళ్తూ మిషను ఆయన గట్టు తొక్కేసింది.

“వచ్చి తప్పయిందని ఒక్క మాట అనమను, దారిస్తాను,” అన్నారు వీర్రాజు గారు.

“తొక్కింది మిషనండి. నేనెందుకు అనాలి?” అన్నారు సత్యవతి గారు.

నేను అలవాటైన పనే చేశాను. ఆవిడ చాలా బాధపడుతున్నారని ఆయనకి చెప్పాను. ఆయన పాత సంగతి వదిలేశారని ఆవిడకి చెప్పాను. రెండు వైపులా కాస్త తీపి కలిపితే పని అయిపోతుందని నా ధీమా.

మర్నాడు పొద్దున చైను మిషను వచ్చింది. టైర్ల బదులు పట్టాల మీద నడుస్తుంది కాబట్టి అది తడి చేలో దిగబడదు. వాళ్ళిద్దరూ గట్టు దగ్గరికి వచ్చారు.

“బాధపడ్డారంట కదమ్మా,” అన్నారాయన మెత్తగానే.

“ఎవరన్నారండి?”

ఇద్దరూ నావైపు చూశారు. “మిషను వెనక్కి తిప్పించు, సూరిబాబూ,” అన్నారు వీర్రాజు గారు.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ చేను కోయించకుండా కదలకూడదనుకున్నాను. అప్పుడు తట్టింది నాకు. కిందటేడు ఆ మిషను తెచ్చింది నేను. గట్టు తెగితే వెనక్కి చూడకుండా పక్క ఊరు పోయింది నేను. ఏడాదిగా వీళ్ళు పోట్లాడుకుంటున్నది నా తప్పు మీద.

“ఆవిడ ఏమీ అనలేదండి, నేనే కల్పించి చెప్పాను. గట్టు తెగింది కూడా నావల్లేనండి. తప్పయింది. ఈసారి మిషను బయటికి రాగానే తెగిన గట్టు వేసిగానీ ఇంటికి వెళ్ళను.”

ఆయన నా ఖాళీ చేతులకేసి చూశారు. “పార తెచ్చుకున్నావా మరి?” అన్నారు.

“మా పాకలో ఉందండి, తెస్తాను,” అని సత్యవతి గారు కదిలారు. ఆయన పక్కకి తప్పుకుని మిషనుకి దారిచ్చారు.

మధ్యాహ్నానికి కోత అయింది. పొద్దుగూకేదాకా ఒక్కణ్ణే గట్టు వేశాను, చేతులు బొబ్బలెక్కాయి. మధ్యవర్తి ఒకరి మాట ఇంకొకరికి ఉన్నదున్నట్టు చేర్చాలని, అంతకన్నా ముందు అందులో తన తప్పెంతో చూసుకోవాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు మిషను ఏ చేలోకి వెళ్ళినా, వెనక నా బండి మీద పార కూడా వెళ్తుంది.