నడిబస్తాలో చెయ్యి

ఖాజా మొహినుద్దీన్ కుడిచెయ్యి మోచేతి దాకా ఒక రంగు, ఆపైన ఇంకో రంగు. ముప్పై అయిదేళ్లుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల్లోకి దిగి దిగి ఆ చెయ్యి కాలిన ఇటుక రంగుకు తిరిగింది. సరుకు చూడటం అతని పని. రైతు బస్తా మూతి విప్పగానే అందరూ పైనున్న కాయను చూస్తారు. అతను దాని వంక కన్నెత్తడు. "పైకాయ ఎప్పుడు ఫొటో దిగనీకి వచ్చినట్టే ఉంటది సార్," అంటాడు. చెయ్యి నడిబస్తాకు దించి, గుప్పెడు కాయ బయటికి తీసి, చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండుకాయ. చప్పుడు మొద్దుగా ఉంటే లోపల తేమ ఉన్నట్టు. తెల్లబడ్డ తాలుకాయ ఎంతుందో చూస్తాడు. ఆ తర్వాత ఒకే ముక్క చెబుతాడు: "ఆగుతది." లేదంటే, "ఆగది."

ఆ ముక్క ఎంత బరువైనదో మార్కెట్ ఎరగనివాళ్లకు చెప్పాలి. ధర పడిపోయిన ఏడు రైతు ముందు రెండే దారులు. వచ్చిన ధరకు తెగనమ్ముకోవాలి, లేకపోతే బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర లేచేదాకా ఓపిక పట్టాలి. ఎండుకాయైతే ఏడాది గడిచినా రంగు పోదు. తేమకాయ ఆ చలిలోనే లోపలి నుంచి నల్లబడుతుంది. సరుకూ పోతుంది, అద్దె కూడా మీద పడుతుంది. పెట్టాలా వద్దా అనేది ఖాజా చెయ్యి తేలుస్తుంది.

నేను తిరిగిన ఊళ్లలో వడ్లగింజ పంటికింద నొక్కి బియ్యం ఎంత విరుగుతుందో చెప్పేవాళ్లను చూశాను. పట్టుగూడు ఊపి లోపలి పురుగు బతికుందో లేదో చెప్పే ముసలమ్మను చూశాను. కళ్లు మూసుకుని పొగాకు వాసన పట్టి ఏ మడిలో పండిందో చెప్పినవాడితో ఒక రాత్రంతా రైల్లో ప్రయాణం చేశాను. పుస్తకాల్లో దొరకని విద్యలు ఇవి. ఇలాంటి విద్య ఉన్న మనిషి ఇంకోచోట కూడా మోసపోడని నాకొక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అందులో నా పాలు కూడా ఉంది.

ఖాజా ఇల్లు ఖిలా వరంగల్లో. కాజీపేటలో రైలు మారాల్సి వచ్చినప్పుడల్లా నేను ఒక పూట మిగుల్చుకుని వాళ్లింటికి వెళ్తుంటాను. అతని భార్య హుసేన్‌బీ చేసే చాయ్‌లో అల్లం ఎక్కువ, మాటల్లో కారం ఎక్కువ. నాలుగేళ్ల కిందట వాళ్ల కూతురు ఆసిమా తండ్రి ఫోన్లో షేర్ల ఖాతా తెరిచిపెట్టింది. అతను ఆ షేర్లను మార్కెట్ యార్డులా చూడటం మొదలుపెట్టాడు. బాగా పెరుగుతున్న కంపెనీ అని పేరు పడి, ఆకాశానికి వెళ్లి, దబ్బున కిందపడ్డ షేర్లంటే అతనికి ఇష్టం.

"తొమ్మిది వందల నలభై ఉండె సార్. ఇయ్యాల నాలుగు వందల పది. సరుకు గదే, ధర పడ్డది. కొని కోల్డ్ స్టోరేజీల పెట్టినట్టు పెడితే అయిపాయె," అన్నాడు ఒకరోజు. కరెంటు బండ్లకు సామాన్లు తయారుచేసే కంపెనీ అది. దాని వార్షిక నివేదిక, రెండు వందల పేజీలది, ఫోన్లో తెరిచి నాకిచ్చాడు. "మీరు సదివినోళ్లు. జర సూసి చెప్పుండ్రి."

నేను చూశాను. ఎంత చూశాననేది తర్వాత చెబుతాను. మొదట్లో ఛైర్మన్ రాసిన ఉత్తరం చదివాను, బాగా రాశాడు. అమ్మకాలు మూడేళ్లలో నూట ఎనభై కోట్ల నుంచి రెండు వందల అరవైకి, అక్కడి నుంచి మూడు వందల తొంభైకి పెరిగాయి. వాకిట్లోకి చూస్తే కోటలో పడివున్న చెక్కుడు రాళ్లు ఎండలో మెరుస్తున్నాయి. నోరు ఊరుకోలేదు. "ఈ రాళ్లు కింద పడినంత మాత్రాన శిల్పం విలువ తగ్గిందా ఖాజా?" అన్నాను. ఎంత మంచి మాట అన్నానో అని నాకు నేనే ముచ్చటపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే చెవులు మండుతాయి.

అతను ఆ మాటను మల్లక్కకు చెప్పాడు.

మల్లక్కది పాలకుర్తి అవతల చిన్న ఊరు. ఆమె భర్త రాజమౌళి ఇరవై ఏళ్లు ఖాజా దగ్గరికే మిర్చి తెచ్చాడు. చేనులో కరెంటు మోటరు దగ్గర షాకు కొట్టి పోయాడు. రైతుబీమా కింద అయిదు లక్షలు వచ్చాయి. అందులో మూడు లక్షలు ఆమె ఖాజా చేతిలో పెట్టింది. "నువ్వు ఆగుతది అంటే ఆగింది, ఆగది అంటే ఆగలే. ఇరవై ఏండ్లల్ల ఒక్కసారి తప్పలేదన్నా," అంది. ఖాజా తన ఖాతాలోనే షేర్లు కొన్నాడు. లక్షకు ఆ కరెంటు బండ్ల కంపెనీ, ఇంకో లక్షకు రక్తపరీక్షల సామాను చేసే కంపెనీ. మొదటిది రెండు వందల ఇరవైకి పడినప్పుడు, చవకైన ఏడు ఇంకో పది బస్తాలు కొని పెట్టినట్టే, మిగిలిన లక్ష కూడా దాంట్లోనే పోశాడు.

అది తొంభై ఆరుకు దిగింది. మూడు లక్షలు లక్షా ముప్పై వేలయ్యాయి. ఆమె అడిగినప్పుడల్లా ఖాజా, "కోల్డ్ స్టోరేజీల ఉన్నయి చెల్లె. ధర రానీ," అనేవాడు. ఏడాదిన్నరగా అదే మాట. భార్యకు ఆ మాట కూడా చెప్పలేదు.

మొన్నటి మార్చిలో నేను దిగేసరికి అతను మార్కెట్ గేటు దగ్గర చాయ్ కొట్టు వెనక, గోడకు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు.

"మల్లక్క వచ్చింది సార్. పదహారు బస్తాలు తెచ్చింది. అమ్మగా వచ్చిన దాంట్ల నలభై వేలు నాకిస్తదంట. గా రెండు కంపెనీలల్లనే ఎయ్యమంటాంది."

"మరి చెప్పావా?"

"ఎట్ల చెప్పాలె? ఏ ముఖం పెట్టుకోని చెప్పాలె?"

నేను తోడు వెళ్లాను. తోడంటే ఏముంది, వెనక నడవడమే. మల్లక్క కుప్పల మధ్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నడివయసు మనిషి, గొంతు పెద్దది.

"రాయే ఖాజన్నా! పెండ్లికొడుకు లెక్క గింత ఆలస్యమేంది? ఖరీదుదారు దగ్గర్నే తిరుగుతాండు. ధర సూస్తే ఏడుపొస్తాంది. ఆగుదామా, అమ్ముదామా?"

ఖాజా మొదటి బస్తాలో చెయ్యి దించాడు. రెండోది. మూడోది. నాలుగో బస్తా దగ్గర చెయ్యి లోపలే ఆగిపోయింది. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించాడు. నాకు కూడా వినపడింది, ఆ మొద్దు చప్పుడు.

"నీళ్లు చల్లినవా చెల్లె?"

ఆమె మొహం చిన్నబోయింది. "బరువు కోసం కాదన్నా, ఒట్టు. బస్తాల తొక్కంగ కాయ పలుగుతాందని జర చిలకరించిన. నీ దగ్గర దాస్తనా?"

మామూలుగా అయితే అతను కసిరేవాడు. ఆ వేళ కసరలేదు. చెయ్యి బయటికి తీసి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాల్లోనే ఉంచాడు.

"నీ బస్తాల నడుమదాంక చెయ్యి పెట్టి సూసిన. నీ పైసలు పెట్టినకాడ పెట్టలే చెల్లె. పైకాయ సూసి పెట్టిన. మూడు లక్షలల్ల లక్షా ముప్పై ఉన్నయి. కోల్డ్ స్టోరేజీ లేదు, ఏం లేదు. అబద్ధం చెప్పిన."

చుట్టూ తూకం కాంటాల చప్పుడు. హమాలీలు పక్కకు జరగమని అరుస్తున్నారు. ఖాజా కళ్లు నిండాయి. తుడుచుకోబోయి చెయ్యెత్తాడు.

"కండ్లల్ల పెట్టుకోకు, కారం," అంది మల్లక్క. అలవాటుగా వచ్చిన మాట అది, అందులో జాలి లేదు. తర్వాత కొంగు ముక్కు మీంచి తీసింది. నెమ్మదిగా అంది: "నా మొగడు పోయిన పైసలన్నా అవి."

ఖాజా నేలవంక చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు కారి గడ్డంలో ఇంకుతున్నాయి. నేను ఒక బస్తా మీద రాసిన రైతు పేరును మూడుసార్లు చదివాను.

"తడి బస్తాలు పక్కకు పెట్టు. మిగిలినయి సూడు," అంది ఆమె. పదహారింట్లో అయిదు తడివి. వాటిని వచ్చిన ధరకు అమ్మింది. పదకొండు కోల్డ్ స్టోరేజీకి పంపింది. ఆ పని అయ్యాక, "నడువు మీ ఇంటికి. గా కాయితమేందో నాకు సదివి వినిపియ్యాలె. ఎవలు సదువుతరు?" అంది.

"నేను చదువుతాను," అన్నాను.

ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నం. హుసేన్‌బీ మల్లక్కను చూసి, "రా వదినె, ఎన్ని దినాలాయె!" అని నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు ఉండదని తెలిసినవాళ్లం ముగ్గురం చాప మీద కూర్చున్నాం. నేను పాత నివేదిక తెరిచాను. నాలుగేళ్ల కిందట చూసినదే. అమ్మకాలు నూట ఎనభై కోట్లు, రెండు వందల అరవై, మూడు వందల తొంభై, అని చదివాను.

మల్లక్క చెయ్యెత్తి ఆపింది. "అమ్మిండ్రు సరే. పైసలు ముట్టినయా?"

నాకు అర్థం కాలేదు. ఆమె విసుక్కుంది.

"ఏంది సారూ, గింత సదివిండ్రు! నేను యాభై బస్తాలు అమ్మిన అని చిట్టీల రాసుకుంట. ఖరీదుదారు పైసలు ఇయ్యకపోతే నాకేమున్నది? ముట్టినయా లేదా? గది రాసి ఉండదా గండ్ల?"

రాసి ఉంది. ఎక్కడుందో వెతకడానికి పావుగంట పట్టింది. నూట అరవయ్యో పేజీ తర్వాత, చిన్న అక్షరాల్లో. కొన్నవాళ్ల నుంచి ఇంకా రావలసినది: నలభై కోట్లు. మరుసటి ఏడు నూట ఇరవై. ఆ మరుసటి ఏడు రెండు వందల తొంభై. అమ్మకాలు పెరిగిన దానికంటే రావలసినదే ఎక్కువ పెరిగింది. దాని కిందనే ఇంకో వరస: కంపెనీ యజమానులు తమ షేర్లలో సగం తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నారు. ఇదంతా మల్లక్క డబ్బుతో షేర్లు కొనకముందే రాసి ఉంది. దాచలేదు. మేము చూడలేదు.

"ఈ పేజీ మీరు అప్పుడు సదివిండ్రా సారూ?" అని అడిగింది మల్లక్క.

"లేదమ్మా."

"మరేం సదివిండ్రు?"

"ముందున్న ఉత్తరం."

నా సంచీలో అప్పటికి ఆరు పుస్తకాలున్నాయి. వాటిని కాలితో వెనక్కి నెట్టుకున్నాను.

గడప దగ్గర చాయ్ పళ్లెం పట్టుకుని హుసేన్‌బీ నిలబడి ఉంది. అన్నీ విన్నది.

"యా అల్లా! నాకు పావుకిలో టమాటలు తెమ్మంటే ఒక్కొక్కటి వత్తి సూస్తాడు గదా గీ మనిషి! వదినె మూడు లక్షలు కండ్లు మూసుకోని ఏసిండా?"

ఖాజా ఆమె చేతిలోని పళ్లెం అందుకుని చాప మీద పెట్టాడు.

రెండో కంపెనీ నివేదిక కూడా చదివించింది మల్లక్క. అమ్మకాలు తగ్గాయి. ఒక కార్ఖానా అగ్నిప్రమాదంలో పోయి ఏడు నెలలు మూతపడింది. అయినా అమ్మినదానికి డబ్బు ఎప్పటికప్పుడు చేతికి అందింది. అప్పు లేదు. యజమానులు తమ వాటా తాకట్టు పెట్టలేదు సరికదా, ధర పడ్డాక కొంచెం కొన్నారు. కార్ఖానా మళ్లీ నడుస్తోంది.

"గీళ్లు పంట పోయినోళ్లు. మళ్ల ఏసుకుంటరు," అంది. ఖాజా వైపు తిరిగింది. "ఇదన్న ఆగుతదా?"

"ఆగుతదని అనిపిస్తాంది. గంతే చెల్లె. బస్తాల కాయ నువ్వు పెట్టినట్టే ఉంటది. కంపెనీ గట్ల కాదు, లోపట దినాం మారుతాంటది. మూడు నెలలకొకసారి విప్పి సూడాలె. నేను మూత కుట్టి ఇడిసిపెట్టిన."

"అయితే మొదటిది రేపు పొద్దున అమ్మి నా పైసలు నాకియ్యి. రెండోది ఉండనియ్యి. మూడు నెలలకు కాయితం వచ్చినప్పుడు నేనొస్త. నా ముంగట సదవాలె. నలభై వేలు మాత్రం ఇయ్య."

"పోయినయి నేను కడత. నెలకు ఇన్ని అని..."

వద్దంటుందని నేననుకున్నాను. చదివిన కథల ప్రభావం కావచ్చు.

"కట్టు. వద్దనను," అంది మల్లక్క. లేచి వెళ్తూ కొంగుముడి విప్పి, పదహారు బస్తాలు చూసినందుకు కూలి తీసి చాప మీద పెట్టింది. "గిది నీ చేతి కూలి. గా బాకీల కలపకు."

జూలైలో నేను మళ్లీ దిగాను. రెండో కంపెనీ నివేదిక వచ్చింది, మల్లక్క వచ్చింది. ఈసారి నన్ను చదవమనలేదు. ఖాజానే కళ్లద్దాలు పెట్టుకుని, ఆసిమా అచ్చుతీసి పంపిన కాగితాలను చివరి నుంచి తెరిచాడు. ఉత్తరం జోలికి పోలేదు. రావలసిన బాకీల వరస దొరికే దాకా వేలు జరుపుతూ పోయాడు. ఎన్నిసార్లు కడిగినా పోని ఎరుపు ఆ వేలి వెంట కాగితం మీద గీతలా పడింది. బాకీలు పెరగలేదు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా అతను కాగితం మీంచి కళ్లెత్తలేదు.

"ఇంకోసారి సదువు," అంది మల్లక్క.

అతను మళ్లీ చదివాడు.