అదుపు తప్పిన ఇంజను

శిరీషకు డీజిల్ ఇంజను చప్పుడంటే చిన్నప్పటి నుంచీ హడలు. కడప జిల్లాలో వాళ్ల చేను దగ్గర, నీళ్లు తోడే ఇంజను బెల్టులో పడి నాన్న మునిస్వామి వేళ్లు తెగిపోయినప్పుడు ఆమె పక్కనే ఉంది. అలాంటి మనిషి పెద్దయ్యాక లింగంపల్లిలో డీజిల్ మెకానిక్ క్లాసులో చేరింది. కోకాపేటలో ఆమె ఊడ్చే ఆఫీసు టవర్‌లో జనరేటర్ గదికి మనుషులు కావాలన్నారు. పని నేర్చుకుని వస్తే తీసుకుంటామన్నారు.

క్లాసంటే రేకుల షెడ్డు. చెప్పేది తక్కువ, విప్పి బిగించేది ఎక్కువ. ఇంజను ఆగి ఉన్నంతసేపూ శిరీష చేతులు చకచకా ఆడేవి. స్టార్ట్ చేస్తారనగానే తలుపు దగ్గరికి జరిగేది.

ఆ రోజు డీజిల్ పంపు విప్పి మళ్లీ ఎక్కించారు. డీజిల్ ఎంత వెళ్లాలో అదుపు చేసే కడ్డీని శిరీషే బిగించింది. పని నేర్పే వెంకటరమణ సార్ వచ్చి చూసేలోపే, తోటి విద్యార్థి దినేశ్ ఆగలేక స్టార్ట్ చేశాడు.

ముందు మామూలుగానే మోగింది. తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే వేగం పెరిగింది. పెరుగుతూనే పోయింది. రేకులు దడదడలాడాయి, నల్లటి పొగ కమ్మింది. సార్ పరుగున వచ్చి ఆపే లివర్ లాగాడు. ఇంజను వినలేదు.

"పేలుతది! ఉరుకున్రి!" అని దినేశ్ అరిచాడు. అందరూ ఉరికారు, శిరీష కూడా. గుమ్మం దాటాక వెనక్కి చూసింది. సార్ లివర్ వదలకుండా పొగలో దగ్గుతూనే అరుస్తున్నాడు.

"గాలి గొట్టం మూయున్రి! పలక వెట్టున్రి!"

ఎవరూ కదల్లేదు. ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు. గోడకు ఆనించిన చెక్కపలక తీసి, ఇంజను గాలి పీల్చే గొట్టానికి అడ్డంగా పెట్టి, కళ్లు మూసుకుని ఒళ్లంతా ఆనించింది. ఇంజను ఎగిరెగిరి, ఊపిరాడక ఆగిపోయింది.

పంపు విప్పి చూస్తే కడ్డీ వంకరగా ఇరుక్కుని ఉంది.

"అది నేను బిగించిందే సార్," అంది శిరీష. "మిమ్మల్ని సంపేసేదాన్ని."

"సంపలే గద. నేను చూడకముందే స్టార్ట్ జేసినోనిది గూడ తప్పే. జర నీళ్లు తాగు. తాగి, నువ్వే సక్కగ బిగించు."

"కాళ్లు వణుకుతాండాయి సార్."

"వణకనీ. చేతులు ఆడుతున్నయ్ కదా."

సార్ పక్కనే నిలబడి చూస్తుండగా కడ్డీ సరిగ్గా బిగించి, బటన్ తనే నొక్కింది. ఇంజను నెమ్మదిగా, ఒకే తీరున మోగింది. అయినా నమ్మలేక, అది ఆగేదాకా లివర్ మీంచి చెయ్యి తీయలేదు.

ఇప్పుడామె జనరేటర్ గదిలో పనిచేస్తోంది. భయం పోయిందా అని అడిగితే, లేదనే చెబుతుంది.