రిహానా నోట్‌బుక్‌లో నా పేరు

అద్దంకి దగ్గర ఓ కోల్డ్ స్టోరేజీలో నేను కాటా గుమస్తాను. పేరు బుల్లయ్య. అక్కడి షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసి, రంగు పోయిన తాలుకాయలు ఏరేసే ముప్ఫై మంది ఆడవాళ్లలో రిహానా ఒకామె. ఆమె మీద నాకు కొంచెం కోపం ఉంది. ముందే చెప్పేస్తున్నా.

పోయినేడు మా ఓనర్ నాగేంద్రబాబు గారు షెడ్డుకో మేస్త్రీని పెడతానన్నారు. "ఎగుమతి కంపెనీల వాళ్లొస్తుంటారు. నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చిన వాళ్లకే ఆ పని. కోతలయ్యాక పరీక్ష పెడతా" అని తేల్చేశారు. రిహానా చదువు ఏడో తరగతితో ఆగింది. పదిహేనేళ్లుగా ఆ ఘాటులో కూర్చుని దగ్గుతోంది. ఆ పని ఆమెకు కావాల్సిందే.

కాలేజీకెళ్లే కూతురు హీనా రోజుకో కొత్త మాట, దాని అర్థం చెప్పేది. ఆ మాటతో నోట్‌బుక్‌లో రాసే వాక్యం మాత్రం రిహానా సొంతం. తంటా అక్కడే వచ్చింది. రాసిన వాక్యం నిజమై తీరాలట. "అబద్ధం రాస్తే అది తాలుకాయే బుల్లయ్యన్నా, ఏరి పారెయ్యాల్సిందే" అనేది. నిజం కోసం మనుషులు కావాలి కదా, మమ్మల్ని వాడుకుంది.

'రిలక్టెంట్' అంటే మనసొప్పక వెనకాడటం. "నా కుక్కర్ తిరిగివ్వడానికి మా ఆడపడుచు నజ్మీన్ రిలక్టెంట్" అని ఇంగ్లీషులో రాసి, భోజనాల దగ్గర తెలుగు అర్థంతో సహా అందరికీ వినిపించింది. నజ్మీన్ అక్కడే అన్నం తింటోంది. మర్నాడే కుక్కర్ వచ్చింది, కొత్త గ్యాస్కెట్‌తో. నిజం మారింది కాబట్టి రిహానా ఆ వాక్యం కొట్టేసింది. అప్పట్నుంచి షెడ్డులో అందరికీ భయం పట్టుకుంది.

నాకు తగిలిన మాట 'ఎగ్జాజరేట్'. ఉన్నదాన్ని పెంచి చెప్పడం. "బుల్లయ్య తన బీపీని ఎగ్జాజరేట్ చేస్తాడు" అని రాసింది. నాకు నిజంగానే రెండొందలుంటుంది! డాక్టరు నూట నలభై అన్నాడంటే ఆయన మిషను పాడైనట్టు.

పరీక్ష రోజున ఓనర్ గారు ప్రశ్నలేమీ వెయ్యలేదు. "ఆ నోట్‌బుక్ ఇలా తే" అన్నారు. రిహానా మొహం పాలిపోయింది. ఆయన నవ్వుకుంటూ పేజీలు తిప్పి, ఒకచోట ఆగారు. 'స్టింజీ', అంటే పిసినారి. "మా ఓనర్ స్టింజీ. ఘాటును బయటికి లాగే ఫ్యాన్లు పెట్టిస్తానని చెప్పి రెండేళ్లయింది." షెడ్డులో దగ్గు కూడా వినపడలేదు.

"ఇది కొట్టెయ్. మేస్త్రీ పని నీదే" అన్నారాయన.

రిహానా పెన్ను తీసింది. మళ్లీ మూత పెట్టేసింది. "ఫ్యాన్లొచ్చిన రోజున కొట్టేస్తానండీ. ఇవాళ కొడితే అబద్ధమైపోద్ది" అంది. కోపం సంగతి మర్చిపోయి ఆమె కోసం విలవిల్లాడాను.

ఓనర్ గారు నా వైపు తిరిగారు. "బుల్లయ్యా, సరుకులో తాలెంతని కంపెనీ వాళ్లడిగితే ఈవిడ నిజమే చెప్పుద్దా?"

"ప్రాణం పోయినా అంతేనండీ."

"అయితే వాళ్లు నమ్మేది ఈవిడ మాటే. ఫ్యాన్లవాడికి ఫోన్ చెయ్" అన్నారు.

నాలుగో రోజుకల్లా ఆరు ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. కొత్త మేస్త్రీ రిహానా ఆ వాక్యం కొట్టేస్తుంటే ఓనర్ గారు దగ్గరుండి చూసుకున్నారు. ఆ ఊపులో, ఆరు ఫ్యాన్లొచ్చాయిగా, నాదీ కొట్టెయ్యమని బతిమాలాను. ఆమె తలెత్తి ఫ్యాన్లు లెక్కపెట్టింది. నాలుగేనట. నా పేరు ఇంకా అలాగే ఉంది.