కోకమ్మ గోళ్ళు

ఎస్.ఆర్. నగర్‌లో మా లేడీస్ హాస్టల్ వంటగది రుద్రమ్మది. అరవై దాటిన మనిషి. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది మందికి ఇడ్లీలు పెడుతోంది గానీ, అంతకుముందు ఇరవై ఏళ్ళు ఎర్రమంజిల్ క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగి పసిపిల్లలకు నీళ్ళు పోసేది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి నూనె రాస్తే ఎంత గోలచేసే బిడ్డయినా ఇట్టే నిద్రపోయేదట. ఈ సంగతి ఆమె రోజుకోసారైనా చెబుతుంది. చట్నీ కావాలంటే వినాల్సిందే.

నల్ల కుందేలు ఆమె నెత్తిన పడింది మాత్రం మా వల్లే. మాలో ఒకమ్మాయి ముచ్చటపడి కొని, కోకో అని పేరు పెట్టి, బెంగళూరులో ఉద్యోగం రాగానే పంజరంతో సహా వదిలేసి పోయింది. అప్పటిదాకా ఎత్తుకుని ఫోటోలు దిగిన మేమంతా పరీక్షలున్నాయని తప్పుకున్నాం. నేనూ అంతే, గొప్పేమీ లేదు. రుద్రమ్మ దాన్ని వంటగది పక్కనున్న తన గదిలోకి తీసుకుపోయి కోకమ్మను చేసింది. అప్పట్నుంచి మా కూరల్లో కొత్తిమీర తగ్గింది.

కుందేలుకు గోళ్ళు పెరుగుతాయని ఎవరికీ తట్టలేదు. తట్టాక కూడా పని జరగలేదు. మంగళ, శుక్రవారాలు గోళ్ళు తీయకూడదు. ఆదివారం ఎల్లమ్మ వారం, రుద్రమ్మ తీయదు. దీపాలు పెట్టాక ఏ రోజూ తీయకూడదు. మిగిలిన రోజుల్లో ఆమెకు చేయి ఖాళీ అయ్యేసరికి చీకటి పడేది. జంతువుకి ఈ పట్టింపులేంటని విసుక్కుంటే, ఇంట్లో ఉన్నదానికి ఇంటి పద్ధతేనంది. అలా మూడు నెలలు గడిచాయి.

చివరికి అది నడుస్తుంటే టైల్స్ మీద టకటకమని వినిపించసాగింది. గోళ్ళు వంకర తిరిగి వేళ్ళను పక్కకు తోసేశాయి. ఒక బుధవారం మధ్యాహ్నం చాప పోగుల్లో గోరు ఇరుక్కుని కోకమ్మ గిలగిల్లాడింది. ఇంకోసారి ఇలా ఇరుక్కుంటే వేలే పోతుందని రుద్రమ్మకూ నాకూ భయం పట్టుకుంది. రుద్రమ్మ పొయ్యి ఆపేసి, నన్ను ఫోన్ లైటు పట్టమంది.

కాళ్ళు చాపి, కోకమ్మను వాటి మీద వెల్లకిలా వేసుకుంది. అది నిజంగానే కదలకుండా పడుకుంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"చూసినవా బిడ్డా, నా కాళ్ల మీదికొస్తే ఎవరైనా నిమ్మలమైతరు" అంది సంబరంగా.

నల్ల గోరు. లోపల రక్తనాళం ఎక్కడిదాకా ఉందో కనబడదు, ఉంటుందని మాకు తెలియనే తెలియదు. మనం వాడే నెయిల్ కటర్‌తోనే పొడుగున్నదంతా ఒక్క దెబ్బకు తీసేసింది. రక్తం కారింది. పసుపు అద్దితే పసుపులోంచి కారింది. కోకమ్మ కనీసం కాలు వెనక్కి తీసుకోలేదు. నాకు అదే వింతగా అనిపించింది.

ఆటో ఎక్కి పంజాగుట్టలో జంతువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ పసుపు తుడిచేసి, ఏదో పొడి పెట్టి, దూదితో గట్టిగా నొక్కి రక్తం ఆపింది. ఎలా పట్టుకున్నారని అడిగితే రుద్రమ్మ కాస్త గర్వంగానే చెప్పింది.

"అలా వెల్లకిలా వేయకండమ్మా. అది నిమ్మళం కాదు, భయం. ఇక తప్పించుకోలేననుకుంటే కుందేలు చచ్చినట్టు పడి ఉంటుంది" అంది డాక్టరమ్మ.

మిగిలిన గోళ్ళు ఇవాళ ముట్టుకోవద్దంది. అది కుదుటపడ్డాక ఇంటి దగ్గరే ఒకటీ రెండూ చొప్పున తీయమంది. నేల మీద కూర్చుని, ఒళ్ళో తువ్వాలు పరిచి, దాని నాలుగు కాళ్ళూ కిందికి ఆనేలా పొట్టకు అదుముకుని పట్టుకోవాలట. గోరు వెనక లైటు పెడితే నాళం నీడలా కనిపిస్తుందట, అది మొదలయ్యే చోటికి చాలా ముందే ఆగి, కొస మాత్రం కత్తిరించాలట. రుద్రమ్మ అన్నింటికీ తలూపింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కోకమ్మను నాలుగు కాళ్ళూ ఆనేలా ఒళ్ళో పెట్టుకుంది.

మరుసటి బుధవారం మళ్ళీ కూర్చున్నాం. చెప్పినట్టు పట్టుకుంటే కోకమ్మ ఊరుకోలేదు. పెనుగులాడింది, తువ్వాల్లోంచి జారిపోయింది, రుద్రమ్మ ముంజేతిని రక్తం వచ్చేలా గీరింది. మూడుసార్లు పట్టుకున్నాం, మూడుసార్లూ పోయింది. నాకు అమీర్‌పేటలో మూడింటికి కోచింగ్ క్లాసు. ఓపిక చచ్చిపోయింది.

"ఒక్కసారి వెల్లకిలా వేసేయండి ఆంటీ, రెండు నిమిషాల్లో అయిపోతుంది" అన్నాను. డాక్టరమ్మ మాట చెవులారా విన్నదాన్నే, అయినా అన్నాను.

రుద్రమ్మ చేయి కొంగుతో తుడుచుకుంది.

"పదకొండేండ్లు నేను సుత గట్లనే పడున్న బిడ్డా. ఆయన చెయ్యి లేపితే కదలకపోయేదాన్ని. మా అత్త వాడంత చెప్పుకుంది, నా కోడలికి మస్తు ఓపిక అని."

నాకు సిగ్గేసింది. తువ్వాలు సర్ది, ఫోన్ లైటు మళ్ళీ వెలిగించాను. క్లాసు ఎలాగూ పోయింది.

నాలుగోసారి ఒక గోరు కొస తెగింది, బియ్యపు గింజలో సగం. మొత్తం పద్దెనిమిదిలో ఇంకా పదహారు ఉన్నాయి. చాపలో ఇరుక్కునేవి వాటిలోనే ఉన్నాయి, ఎప్పటికవుతాయో ఇద్దరికీ తెలియదు. రెండో గోరు పట్టుకోబోతే కోకమ్మ వెనక కాళ్ళతో రుద్రమ్మ కడుపులో ఒక్కటి తన్ని మంచం కిందికి దూరింది. నేను వంగి లాగబోయాను.

"తన్ననియ్యి బిడ్డా" అంది రుద్రమ్మ, కడుపు పట్టుకుని.