స్లావిట్ ఎక్కడుంది?

మలేషియాలో పోర్ట్ క్లాంగ్ నుంచి వెళ్లే రైల్లో, ఇంగ్లండు కొండదారుల మీద సైకిలు ప్రయాణాల పుస్తకం చదువుకుంటున్నాను. నాకు సైకిలు తొక్కడం రాదు. ఆ పాత ఊళ్ల పేర్లంటే ఇష్టం, అంతే. అంతకుముందు అమ్మతో ఫోనులో మాట్లాడిన తెలుగు విన్నాడేమో, పక్క సీట్లోని ముసలాయన వంగి చూశాడు.

"ఇంగ్లండేటమ్మా? అందులో స్లావిట్ ఉందేటి? మా అక్క అక్కడ నర్సు. సైకిలు మీద కొండలెక్కి రోగుల ఇళ్లకి ఎల్లేదంట. అక్కడే పోయింది. ఒక్కపాలి ఆ ఊరి బొమ్మ సూడాలని."

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. ఊళ్ల పేర్ల విషయంలో మాత్రం ఎక్కడలేని ధైర్యం వస్తుంది. పుస్తకం చివరి పట్టికలో వెతికాను.

"అలాంటి ఊరే లేదు తాతా. మీరు సరిగా వినలేదేమో."

"ఫోనులో ఎన్నిసార్లు సెప్పిందో లా!" అని, ఇక్కడివాళ్ల అలవాటులో మాట చివర 'లా' తగిలించి నవ్వాడు. నా పుస్తకం వైపు చూసి, "అయితే అక్కే తప్పు సెప్పిందేమోలే. సదువుకున్నదానివి, నీకే తెలుస్తాది," అన్నాడు. తర్వాతి స్టేషన్లో దిగిపోయాడు.

ఆ వారంలోనే ఒక వీడియోలో, నేను స్లెయిత్‌వెయిట్ అని చదువుకునే ఊరిని అక్కడివాళ్లు స్లావిట్ అనడం విన్నాను. ఆ ఊరికి నా పుస్తకంలో రెండు పేజీలున్నాయి, కాలువ ఒడ్డున రాతి ఇళ్ల బొమ్మతో సహా.

బొమ్మ చూపించలేదన్న బాధ ఎప్పటికైనా తగ్గుతుందేమో. కానీ ఇన్నేళ్లు నమ్మిన అక్క మాటను ఆయన నా ఒక్క మాటకి వదులుకుని దిగిపోయాడు.