పళ్ళతో పట్టిన తువ్వాలు

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో మగపిల్లాడికి ఈత రాకపోయినా, సైకిలు రాకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు గానీ, తువ్వాలు మాటున బట్టలు మార్చుకోవడం రాకపోతే మాత్రం మనిషి కింద జమకట్టేవారు కాదు. తువ్వాలు నడుముకి చుట్టి, కొస పళ్ళతో పట్టుకుని, లోపల తడిబట్ట జారవిడిచి పొడిబట్ట ఎక్కించడం ఒక విద్య. అందులో నేను ఆరితేరినవాణ్ణి. కాలువ గట్టు మీద, రైలు పెట్టెలో, పెళ్ళివారి విడిదింట్లో పదిమంది మధ్య నిలబడి బట్టలు మార్చేసి, ఎవరికీ మోకాలు కూడా కనపడనివ్వని ఘనత నాది. (గొప్పకి చెప్పడం లేదు, తరవాత కథకి అవసరం.)

ఇంత పట్టుదలకి ఓ కారణం ఉంది. ఏడేళ్ళప్పుడు మా మేనమామ పెళ్ళిలో, పొయ్యిల దగ్గర పరుగులు వద్దని అందరూ మొత్తుకుంటున్నా వినకుండా పరుగెత్తి పప్పుచారు గుండిగకి తగులుకున్నాను. బొడ్డు పక్కనుంచి కుడి మోకాలి కింది దాకా చర్మం కాల్చిన అప్పడంలా ముడతలు పడి అలాగే ఉండిపోయింది. "ఎవరికీ చూపించకు నాన్నా, రేప్పొద్దున పెళ్ళికి అడ్డమొస్తుంది" అని మా అమ్మ అప్పట్నుంచే జాగ్రత్తలు మొదలుపెట్టింది. ఏడేళ్ళవాడికి పెళ్ళి బెంగ పెట్టడం మనవాళ్ళకే చెల్లింది. ఆ బెంగ నాతోపాటే పెరిగి పెద్దదై, ఇంజినీరింగు చదివి, విమానమెక్కి సన్నీవేల్ దాకా వచ్చింది.

సన్నీవేల్‌లో ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళేంత దగ్గర్లో, ఓ అమెరికన్ ముసలి దంపతుల ఇంట్లో గది దొరికింది. వాళ్ళని నేను మనసులో మామ్మగారు, తాతగారు అని పిలుచుకునేవాణ్ణి. గది చూపించిన రోజే మామ్మగారు టీ చేతికిచ్చి, దాపరికం లేకుండా చెప్పేసింది. "మేం వయసులో ఉన్నప్పట్నుంచీ నేచురిస్టులం. శని, ఆదివారాలు ఇంట్లో, పెరట్లో బట్టలేసుకోం. నువ్వెలా ఉండాలో నీ ఇష్టం. ఇబ్బందైతే ఇప్పుడే చెప్పు, ఏమీ అనుకోం." ఇబ్బందేమిటి, నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ పెద్దావిడ చేతి టీ తాగుతూ కుదరదని మొహాన ఎలా చెప్పడం? "నో ప్రాబ్లం" అన్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది. పూర్తిగా ఇక్కడ రాయలేను గానీ, తెలిసినవాళ్ళు నవ్వుకోవచ్చు.

మొదటి శనివారం పొద్దున్నే పాలకోసం వంటింట్లోకి వెళితే కిటికీలోంచి తాతగారు కనిపించారు. నెత్తిన గడ్డి టోపీ, చేతిలో నీళ్ళ గొట్టం, ఎదురుగా టమాటా మొక్కలు. అంతే, ఇంకేమీ లేదు. "గుడ్ మార్నింగ్" అని ఎంతో ఆప్యాయంగా చెయ్యి ఊపారు. నేను పాల మాట మరిచిపోయి గదిలోకి పారిపోయి తలుపు గడియ పెట్టుకున్నాను. ఆ తరవాత చాలా వారాలు ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడినా ఇంటికప్పు వంక చూస్తూనే మాట్లాడాను. ఆ కప్పు మీద ఏ మూల ఏ పగులుందో నాకు తెలిసినంత కట్టిన మేస్త్రీకి కూడా తెలిసి ఉండదు.

ఓ ఆదివారం మామ్మగారే "మెడ నొప్పెట్టడం లేదూ? దించి కూర్చో" అని నవ్వింది. దించాను. ఆవిడ ఛాతీ ఒక పక్క చదునుగా ఉంది, అడ్డంగా పొడుగాటి కుట్ల మచ్చ. నేను మళ్ళీ కప్పు వైపు చూడబోతుంటే చెప్పుకొచ్చింది. "పెళ్ళైన కొత్తలో దీపం ఆర్పితే గానీ గౌను మార్చుకునేదాన్ని కాదు నేను. ఓ స్నేహితురాలు రమ్మంటే బట్టలు వేసుకోని వాళ్ళ బీచ్‌కి వెళ్ళాను. అక్కడ మొదటి వారం మిగతావాళ్ళని చూస్తావు. రెండో వారం వాళ్ళు నిన్ను చూస్తున్నారేమోనని చస్తావు. మూడో వారం సన్‌స్క్రీన్ సీసా ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటావు. క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మళ్ళీ వెళ్ళడానికి భయపడ్డాను. వెళితే, పోయినదాని గురించి ఒక్కరూ అడగలేదు. నొప్పి తగ్గిందా, నిద్ర పడుతోందా అని అడిగారు. ముసలితనం కూడా అంతే. పక్కవాళ్ళందరి పొట్టలూ మెల్లిగా జారడం ఏళ్ళ తరబడి చూశాక, నీది జారినప్పుడు అదో పెద్ద వార్త కాదు." నేను జీన్స్ ప్యాంటు, మెడదాకా బొత్తాలు పెట్టిన చొక్కాతో బుద్ధిగా విన్నాను. నాకూ ఓ మచ్చ ఉందని చెప్పడానికి నోరు రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సంబంధం కుదిరే సూచనలు కనిపించాయి. అమ్మాయికి అమెరికా ఆ చివర ఆష్‌బర్న్‌లో ఉద్యోగం. జాతకాలు కలిశాయి, ఫోన్లలో మాటలూ కలిశాయి, నాకైతే ఆ గొంతు వినని రోజు అన్నం సహించేది కాదు. ఫోను పెట్టేసిన ప్రతిసారీ, ఈసారి మచ్చ సంగతి చెప్పాలి అనుకునేవాణ్ణి. వద్దంటుందేమో అన్న భయం నోరు నొక్కేసేది. ఇంతలో ఓ శుక్రవారం సాయంత్రం శాంటా క్లారాలో ఉండే వాళ్ళ బాబాయిగారు ఫోన్ చేశారు. "బాబూ, మా అమ్మాయి ఆఫీస్ పనిమీద వచ్చింది. రేపు లంచ్ అయ్యాక అలా డ్రైవ్ చేసుకుంటూ మీ ఇంటికొచ్చి, మీరుండే ప్లేసు చూసి, కాఫీ తాగి వెళ్తాం. ఏం ట్రబుల్ లేదుగా?" రేపంటే శనివారం. "అబ్బే, ట్రబులేముందండీ, తప్పకుండా రండి" అంది నా నోరు. అది ఎప్పుడూ నా మాట వినదు.

మామ్మగారి దగ్గరికి వెళ్ళి, చెమటలు కక్కుతూ, నీళ్ళు నములుతూ, రేపు ఒక్క గంట... ఏమీ అనుకోకపోతే... మీరు... బట్టలు... అన్నాను. "ఇంతేనా? దీనికింత చెమటా?" అందావిడ. మర్నాడు నిజంగానే ఇద్దరూ తయారయ్యారు. కానీ శనివారం బట్టలకి అలవాటు తప్పినవాళ్ళు కదా, ఎంత వేసుకోవాలో అంచనా అందలేదు. మామ్మగారు పాదాల దాకా గౌను, ముత్యాల దండ, మోచేతుల దాకా చేతితొడుగులు. తాతగారు నల్ల సూటు, టై. అమ్మాయిని వెంటబెట్టుకొచ్చిన బాబాయిగారు ముచ్చటపడిపోయి "చూశావా అమ్మా, ఇంట్లో కూడా ఎంత పద్ధతిగా ఉన్నారో! డిసిప్లిన్ అంటే ఇదీ" అన్నారు. పెరడు చూడ్డానికి వెళ్ళి, ఆరేసిన బట్టలన్నీ నావే ఉండటం చూసి "వీళ్ళవి కనపడవేం?" అని అడిగారు. "వాళ్ళకి ఉతికే పని తక్కువండీ" అన్నాను. అబద్ధమైతే కాదుగా.

లోపలికొచ్చి కూర్చున్నారు. ఎండ మండిపోతోంది, తాతగారి మొహం టమాటాలా అయింది. నేను కాఫీ ట్రేతో వస్తుండగా, మాటల్లో ఉన్న తాతగారు కోటు విప్పి పక్కన పెట్టారు. పరవాలేదు. టై లాగేశారు. సరే. చొక్కా మొదటి బొత్తాం. రెండోది. ఆయన తప్పేం లేదు, శనివారం మధ్యాహ్నం ఆ చేతులకి తెలిసిన పని అదే. మూడో బొత్తాం మీదికి వేళ్ళు వెళ్ళేసరికి నేను "కాఫీ!" అని కేకేసి అడ్డం దూకాను. దూకుడుకి ట్రే ఒరిగి మొత్తం కాఫీ నా తొడ మీద ఒలికింది.

"ప్యాంటు తీసెయ్ బాబూ, బొబ్బలెక్కుతుంది!" అన్నారు బాబాయిగారు. "తీసెయ్, చల్లనీళ్ళు పొయ్యాలి!" అంది మామ్మగారు. "తీసెయ్!" అన్నారు చొక్కా సగం విప్పుకున్న తాతగారు. బట్టలతో పనిలేని ఆ ఇంట్లో, బెల్టు రెండు చేతులా పట్టుకుని ససేమిరా అన్నవాణ్ణి నేనొక్కణ్ణే. చివరికి మంట ఓర్చుకోలేక తువ్వాలు అడిగాను. చుట్టాను, కొస పళ్ళతో పట్టాను, కన్నుమూసి తెరిచేలోగా ప్యాంటు కాళ్ళ దగ్గర ఉంది. మామ్మగారు చప్పట్లు కొట్టింది. "ఇన్నేళ్ళుగా బట్టలు విప్పుతున్నాను, ఈ పనితనం ఎక్కడా చూళ్ళేదు!" అంది. అయితే అది చేతుల తుడుపుగుడ్డ. మోకాలి మీద తొడ మూడు వంతులు బయటే ఉండిపోయింది.

ఆ అమ్మాయి చన్నీళ్ళ చెంబు పట్టుకుని నా ముందు కూర్చుని, ఆ ముడతల చర్మం చూసి ఆగిపోయింది. "ఇది ఇప్పుడు కాలింది కాదు కదా?" అంది. జవాబు చెప్పాలంటే తువ్వాలు కొస వదలాలి. నా బతుకులో నేనంత సేపు ఆలోచించిన సందర్భం మరొకటి లేదు. వదిలేసి, చేత్తో పట్టుకుని చెప్పాను. "చిన్నప్పటిదండీ. పప్పుచారు. పొట్ట దాకా ఉంది. చెబితే వద్దంటారేమోనని భయమేసి చెప్పలేదు." బాబాయిగారు పక్కకి తిరిగి ఇంటికప్పు వైపు చూశారు (అక్కడ ఏ పగులు కనిపిస్తుందో నాకు తెలుసు). ఆ అమ్మాయి నీళ్ళు పోస్తూ, "ఇప్పుడు పడ్డచోట నొప్పెడుతోందా?" అని అడిగింది. చెంబు పక్కన పెట్టి, "అయితే మీరు పప్పుచారు తింటారా, మానేశారా? నేను బాగా చేస్తాను, అందుకని" అంది. మామ్మగారికి మా మాటలు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మొహాలు చూసి కళ్ళు తుడుచుకుంది.

తాతగారు ఇప్పుడు లేరు. మామ్మగారు మాత్రం ఏటా తన టమాటాల ఫోటో పంపుతుంది, తను పడకుండా. మొన్న ఎండాకాలం ఆష్‌బర్న్‌లో మా అమ్మాయిని ఈత కొలనుకి తీసుకెళ్ళాను. నేనూ చొక్కా లేకుండా, పొట్టి నిక్కరుతో గట్టు మీద కూర్చున్నాను. దాని స్నేహితురాలెవరో నా పొట్ట చూసి ఏమిటది అంటే, "ఓ అదా? నాన్న మీద లెంటిల్ సూప్ పడింది, చిన్నప్పుడు" అని కొలనంతా వినపడేలా చెప్పింది. నేను పట్టించుకోలేదు. అప్పుడు నేను సంచీ అంతా తిరగేసి సన్‌స్క్రీన్ సీసా వెతుక్కుంటున్నాను. అది చేతికి దొరికాక తట్టింది నాకు, మామ్మగారు చెప్పిన మూడో వారం ఇదే కదా అని. కాకపోతే గదిలో తలుపేసుకుని ఒక్కణ్ణే బట్టలు మార్చుకునేటప్పుడు ఇప్పటికీ తువ్వాలు కొస పళ్ళ మధ్యే ఉంటుంది. "ఎవరున్నారని ఇక్కడ?" అని మా ఆవిడ బయటనుంచి నవ్వుతుంది. ఉన్నాడులే ఒకడు, పెళ్ళి బెంగ పెట్టుకున్న ఏడేళ్ళవాడు.